తరిమెన దగ్గర జాగ్రత్త

ఇంట్లో ఒకసారి చుట్టూ చూడండి. వంటింట్లో అప్పడాల కర్ర ఉంటుంది. కవ్వం ఉంటుంది. పిల్లవాడి బొంగరం ఏ మూలో పడి ఉంటుంది. తాతలనాటి పట్టె మంచం ఉంటే దాని కోళ్లు ఉంటాయి. ఇవన్నీ గుండ్రంగా ఉంటాయి. నున్నగా ఉంటాయి. బాడిసతో చెక్కితే ఇంత గుండ్రం రాదు. చిత్రిక పట్టినా రాదు. మరి ఎలా వచ్చింది?

కర్రను తిప్పుతూ చెక్కితే వచ్చింది. రెండు ములుకుల మధ్య కర్రను బిగిస్తారు. అది గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఉలిని దానికి ఆనిస్తే చుట్టూ సమానంగా తెగుతుంది. ఇలా కర్రను తిప్పే సాధనాన్ని తరిమెన అంటారు. ఇప్పుడు ఎక్కువమంది లేతు మిషను అంటున్నారు. పేరు ఏదైనా పని ఒకటే.

పాతకాలం తరిమెన ఎలా తిరిగేదో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. మజ్జిగ చిలికిన ప్రతి మనిషికీ తెలుసు. కవ్వానికి తాడు చుడతారు. ఒక కొస ఇటు లాగితే కవ్వం ఇటు తిరుగుతుంది. రెండో కొస లాగితే అటు తిరుగుతుంది. తరిమెన కూడా అంతే. కవ్వం నిలువుగా ఉంటుంది. తరిమెన మీద కర్ర అడ్డంగా ఉంటుంది. ఒకరు తాడు లాగేవారు. ఒకరు ఉలి పట్టేవారు.

నరసాపురంలో కొయ్యపని ఇవాళ్టిది కాదు. 17వ శతాబ్దంలో ఇక్కడ సముద్రం మీద తిరిగే ఓడలే కట్టారు. ఆ ఊళ్లో ఇప్పుడు ఒక వడ్రంగి ఇల్లు ఉందనుకోండి. పెరట్లో రేకుల వసారా. అందులో తరిమెన. ఇంటాయన తలుపులు బిగించడానికి పాలకొల్లో, భీమవరమో వెళ్తాడు. ఇల్లాలు ఇదివరకు లేసు అల్లేది. ఇప్పుడు భర్త దగ్గర పని నేర్చుకుని అప్పడాల కర్రలు, చపాతీ కర్రలు తానే తీస్తోంది. సంతలో అవి బాగా పోతున్నాయి. వయోజన విద్యా కేంద్రానికి వెళ్లి చదవడం, రాయడం, గుణించడం కూడా నేర్చుకుంది. ఆ లెక్క ఎక్కడ పనికొచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

ఆ ఇంట్లో అత్తగారు ఉంది. తన కాలంలో తాడు లాగింది ఆవిడే.

"మీ మావయ్యగారు ఉలి పట్టేవారు. నేను తాడు లాగేదాన్ని. 'అబ్బా' అంటే చాలు, తాడు వదిలేసేదాన్ని. కర్ర అక్కడికక్కడే ఆగిపోయేది" అంటుంది ఆవిడ.

ఇప్పుడు తాడు లేదు. మోటారు వచ్చింది. పని నాలుగింతలు అవుతోంది. కానీ 'అబ్బా' అంటే మోటారుకు వినపడదు. లేసు సూది అయినా అంతే కదా, చెయ్యి ఆగితే సూది ఆగుతుంది. మోటారు మాత్రం మన చెయ్యి ఆగినా ఆగదు. చీర చుట్టుకున్నా ఆగదు. స్విచ్చి నొక్కితేనే ఆగుతుంది. నొక్కాక కూడా కొంచెంసేపు తిరిగి తిరిగి ఆగుతుంది. అందుకే ఇంట్లో తరిమెన మీద పనిచేసేవాళ్లు జాగ్రత్తలన్నీ స్విచ్చి వెయ్యకముందే తీసుకోవాలి. వేశాక తీసుకునే జాగ్రత్తలు చాలా తక్కువ.

ఒకటి అనే లోపల రెండు గజాలు

ఒకరోజు ఆ ఇల్లాలి పైట చెంగు జారింది. కర్ర మీద పడింది. చీర పాతది, చిరుగులు పట్టి ఉంది. చెంగు పర్రున చిరిగి ముక్క కర్రకు చుట్టుకుపోయింది. మనిషి బతికిపోయింది. అదే కొత్త నైలాను చీర అయితే చిరిగేది కాదు. మనిషినే లాగేసేది.

ఎంత వేగంగా లాగుతుంది? లెక్క వేసి చూడవచ్చు. ఇళ్లలో వాడే మోటారు చాలావరకు నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 60 సెకన్లు. 1,440ని 60తో భాగిస్తే 24. అంటే సెకనుకు 24 చుట్లు. తరిమెన కూడా అదే వేగంతో తిరుగుతోంది అనుకుందాం. అంగుళం మందం ఉన్న కర్ర చుట్టుకొలత మూడు అంగుళాలు దాటి ఉంటుంది. 24 చుట్లు, చుట్టుకు మూడు అంగుళాలు. మొత్తం 72 అంగుళాలు. గజానికి 36 అంగుళాలు కాబట్టి ఇది రెండు గజాలు. 'ఒకటి' అని మనం అనే లోపల రెండు గజాల గుడ్డ చుట్టుకుపోతుంది. చెయ్యి స్విచ్చి దాకా వెళ్లే లోపల మెడ కర్ర దగ్గర ఉంటుంది.

జడ కూడా అంతే. చీర చిరగవచ్చు గాని జుట్టు చిరగదు. నెత్తి మీద చర్మంతో సహా ఊడి వస్తుంది. ఈ మాట చెప్పుకోవడానికి బాగుండదు, కానీ పిండి మరల్లోనూ నూర్పిడి మిషన్ల దగ్గరా ఇలా దెబ్బతిన్న ఆడవాళ్లు ఉన్నారు. తరిమెన దగ్గర జడ వదిలి కూర్చోకూడదు. ముడి వేసుకోవాలి. ముడి మీద గుడ్డ బిగించి కట్టుకోవాలి. గుడ్డ కొసలు లోపలికి దోపాలి.

చీర సంగతి ఎలా? వరి కోతలకు వెళ్లే ఆడవాళ్లను చూడండి. చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుంటారు. గుండీలన్నీ పెట్టుకుంటారు. ఎండకూ దురదకూ అది రక్ష. తరిమెన దగ్గర కూడా ఆ ఉపాయమే మంచిది. పైట నడుముకు చుట్టి దోపి, మీద చొక్కా వేసి గుండీలు పెడితే చెంగు బయటకు రాదు. ఒక్క తేడా ఉంది. కోతకు పొడుగు చేతులు కావాలి. తరిమెనకు పొడుగు చేతులు పనికిరావు. మోచేతి పైకి కత్తిరించి కుట్టుకోవాలి. మడిచి ఊరుకుంటే మడత జారిపోతుంది.

చేతికి తొడుగులు వేసుకుంటే మంచిదేమో అని కొందరికి తోస్తుంది. తిరిగే కర్ర దగ్గర తొడుగు వద్దు. తొడుగు అంచు కర్రకు పట్టుకుంటే వేళ్లు కూడా దానితో పోతాయి. ఉంగరం అంతే. దారాలు, తాయెత్తులు అంతే.

ఇక గాజులు. తీసెయ్యమంటే చాలామందికి మనసు ఒప్పదు. ముఖ్యంగా అత్తగార్లకు ఒప్పదు. ఆ ఇంట్లో కూడా నాలుగు రోజులు మాటలు నడిచాయి.

"ముత్తయిదువ చేతులు బోడిగా పెట్టుకుని కూర్చుంటుందా?" అంది అత్తగారు.

"కూర్చున్న గంటసేపే కదండీ అత్తయ్యగారూ. లేవగానే వేసేసుకుంటాను" అంది కోడలు.

చివరకు ఆవిడే ఒక దారి చెప్పింది. గాజులు తీసి దేవుడి గూట్లో పెట్టడం. పని అవగానే చేతులు కడుక్కుని మళ్లీ వేసుకోవడం. మట్టిగాజు పగిలితే పెంకు కంట్లో పడుతుంది. లోహపు గాజు పట్టుకుంటే మణికట్టు విరుగుతుంది. ఇందులో మంచికీ చెడ్డకీ, శకునానికీ సంబంధం లేదు. పుస్తెలతాడు తియ్యనక్కర్లేదు. రవిక లోపలికి వేసి పిన్నీసు పెట్టి, పైన చొక్కా గుండీ పెట్టుకుంటే సరిపోతుంది.

వేగం ఎంత ఉండాలి?

కుట్టు మిషను తెలిసినవాళ్లకు ఇది తేలిక. కింద పెద్ద చక్రం ఒకసారి తిరిగితే పైన చిన్న చక్రం చాలాసార్లు తిరుగుతుంది. తరిమెనకూ మోటారుకూ మధ్య బెల్టు ఉంటుంది. బెల్టు రెండు చక్రాల మీద తిరుగుతుంది. మోటారు చక్రం చిన్నది, తరిమెన చక్రం పెద్దది అయితే కర్ర నెమ్మదిగా తిరుగుతుంది. తారుమారైతే వేగంగా తిరుగుతుంది.

మోటారు చక్రం 2 అంగుళాలు, తరిమెన చక్రం 4 అంగుళాలు ఉన్నాయనుకోండి. 1,440ని 2తో గుణించి 4తో భాగించాలి. 720 వస్తుంది. అదే మోటారు చక్రం 4, తరిమెన చక్రం 2 అయితే? 2,880 చుట్లు.

ఏ కర్రకు ఎంత వేగం అన్నదానికి తరిమెన పనివాళ్లు ఒక లెక్క వాడతారు. కర్ర మందం అంగుళాల్లో తీసుకోవాలి. నిమిషానికి ఎన్ని చుట్లో దానితో గుణించాలి. కొత్తవాళ్లకు ఆ లెక్క 6,000 దాటకుండా ఉంటే మంచిది. చెయ్యి తిరిగినవాళ్లు 9,000 దాకా వెళ్తారు. అంతకు మించి ఎవరూ వెళ్లకూడదు. అప్పడాల కర్ర 2 అంగుళాలు అయితే 3,000 చుట్ల దాకా పర్వాలేదు. 6 అంగుళాల గిన్నె తియ్యాలంటే 1,000 చాలు. ఆ గిన్నెనే 2,880 చుట్ల మీద పెడితే ఏమవుతుంది? 6ని 2,880తో గుణిస్తే 17,280. ఉండవలసినదానికి దాదాపు మూడింతలు. కర్ర ములుకుల్లోంచి ఊడి ఎగిరి వస్తుంది. ఎదురుగా ఏది ఉంటే దానికి తగులుతుంది. చాలాసార్లు ఎదురుగా ఉండేది ముఖమే.

పలకలుగా ఉన్న కర్రను మొదట ఎప్పుడూ తక్కువ వేగం మీదే పెట్టాలి. గుండ్రం వచ్చాక వేగం పెంచవచ్చు. పగులు ఉన్న కర్ర, ముడి ఊడేలా ఉన్న కర్ర, పాత తలుపులోంచి వచ్చిన మేకుల కర్ర తరిమెనకు ఎక్కించకూడదు. అప్పడాల కర్రకు వచ్చే డబ్బులు ఎన్నో మనకు తెలుసు. ఆ నాలుగు డబ్బులకోసం పగిలిన కర్ర పెట్టడం ఏం లాభం?

ఉలిని ఆనించడానికి ఒక బద్ద ఉంటుంది. దానికీ కర్రకూ మధ్య పావు అంగుళం మించి సందు ఉండకూడదు. సందు ఎక్కువైతే ఉలి కొస అందులోకి దిగబడి విరుచుకుపడుతుంది. బద్దను జరపాలంటే ముందు మోటారు ఆపాలి. కర్ర తిరుగుతుండగా జరపకూడదు. బద్ద బిగించాక కర్రను చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి. ఎక్కడా తగలకపోతేనే స్విచ్చి. స్విచ్చి వేసేటప్పుడు కర్రకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి. ఉలిని ముందు బద్దకు ఆనించి, తర్వాతే నెమ్మదిగా కర్రకు తాకించాలి. నేరుగా కర్ర మీద పెడితే ఉలి చేతిలోంచి ఎగిరిపోతుంది. మొండి ఉలితో ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే దాన్ని గట్టిగా నొక్కాల్సి వస్తుంది. కత్తిపీట పదును పోతే వేలు తెగుతుందని వంటచేసేవాళ్లందరికీ అనుభవమే.

కరెంటు, వెలుతురు

కరెంటు పోయిందనుకోండి. కర్ర ఆగిపోతుంది. ఈలోగా అన్నం చూసుకుందామని లోపలికి వెళ్తాం. పిల్లాడు వచ్చి కర్ర పట్టుకుంటాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వస్తుంది! అందుకని కరెంటు పోగానే మొదట చెయ్యాల్సిన పని స్విచ్చి కట్టెయ్యడం. ఇది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది కూడా ఇదే.

స్విచ్చి గోడకు ఎక్కడో ఉండకూడదు. కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందాలి. తిరిగే కర్ర మీదుగా చెయ్యి చాపాల్సి రాకూడదు. ఇంట్లో ఉన్న ప్రతి పెద్దమనిషికీ ఆ స్విచ్చి ఎక్కడుందో తెలియాలి.

గోదావరి లంకలూ, కాలవలూ, సముద్రం దగ్గర ఉన్న ఊళ్లలో నేల ఎప్పుడూ చెమ్మే. వానాకాలం, తుపాను రోజుల్లో వసారాలో నీళ్లు నిలుస్తాయి. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి మోటారు ముట్టుకోకూడదు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తీగ తప్పకుండా ఉండాలి. ఆర్‌సీసీబీ అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది. కరెంటు మనిషిలోంచి భూమిలోకి పోతుంటే అది గుర్తుపట్టి, రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పెట్టించుకోవాలి. ఖర్చు అవుతుంది. కొత్త ఉలి కొనేముందు ఇది కొనడం మేలు.

వెలుతురు గురించి ఒక వింత ఉంది. చోక్ ఉన్న పాత ట్యూబులైటు నిలకడగా వెలగదు. సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మన కంటికి అది తెలియదు. నాలుగు పలకల కర్ర సెకనుకు 24 చుట్లు తిరుగుతుంటే దాని పలకలు సెకనుకు 96 సార్లు ఒకేచోటికి వస్తాయి. నూటికి దగ్గర. అందువల్ల ఆ వెలుతురులో కర్ర చాలా నెమ్మదిగా తిరుగుతున్నట్టు కనిపించవచ్చు. ఒక్కోసారి ఆగినట్టే అనిపించవచ్చు. కన్ను మోసపోయి చెయ్యి పెడితే అంతే సంగతులు. పగటి వెలుతురులో పనిచెయ్యడం మంచిది. సాయంత్రం తప్పకపోతే ట్యూబులైటు ఒక్కటే కాకుండా మరోరకం బల్బు కూడా కర్ర దగ్గరగా ఉండాలి.

ఊడ్చేవాళ్ల సంగతి

ఉలి పట్టేవాళ్లకు దెబ్బలు తగులుతాయని అందరికీ తెలుసు. పొడి సంగతి ఎవరూ పట్టించుకోరు. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు పిండిలాంటి పొడి లేస్తుంది. లావు పొట్టు కింద పడిపోతుంది. దానివల్ల పెద్ద బాధ లేదు. కంటికి కనపడని సన్నపొడి గాలిలో గంటల తరబడి ఉంటుంది. ముక్కులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తుమ్ములు, దగ్గు, ఉబ్బసం వస్తాయి. టేకు పొడి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెస్తుంది. ఏళ్ల తరబడి కొయ్యపొడి పీల్చినవాళ్లకు ముక్కులో క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో తేల్చింది. నాలుగు కర్రలు తీస్తే వచ్చేస్తుందని కాదు. రోజూ, ఏళ్ల తరబడి పీలిస్తే అని.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇంటాయన ఉలి పట్టి, లేచి, చేతులు దులుపుకుని వెళ్లిపోతాడు. తర్వాత చీపురు పట్టేది ఎవరు? ఆ పొడినంతా మళ్లీ లేపి పీల్చేది ఎవరు? తరిమెన ఎన్నడూ ముట్టని ఆడవాళ్లకు కూడా దగ్గు రావడానికి కారణం ఇదే. వసారాలో ఉయ్యాల కట్టి ఉంటే పసిబిడ్డ కూడా అదే గాలి పీలుస్తుంది.

పొడి ఊడ్చేముందు నీళ్లు చిలకరించాలి. వాకిలి ఊడ్చేటప్పుడు కళ్లాపి చల్లుతాం కదా, అలాగే. మోటారు మీద మాత్రం నీళ్లు పడకూడదు. దాన్ని తడిపి పిండిన గుడ్డతో, ప్లగ్గు తీశాక తుడవాలి. పనిచేసేటప్పుడు టేబుల్ ఫ్యాను వెనక నుంచో పక్క నుంచో పెట్టి, గాలి కిటికీలోంచి బయటకు పోయేలా చూడాలి. ఎదురుగా పెడితే పొడంతా ముఖానికే కొడుతుంది. ఫ్యాను ముందు పసిబిడ్డ గానీ వంటిల్లు గానీ ఉండకూడదు. సన్నపొడి మంటలో పడితే భగ్గుమంటుంది.

ముక్కుకు పైట కట్టుకోవడం చాలదు. సన్నపొడి గుడ్డలోంచి దూరిపోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఎన్95 మాస్కు పేరు అందరికీ తెలిసింది. అదే ఇక్కడ కూడా కావాలి. సన్నటి రేణువుల్లో నూటికి 95 వంతులు ఆపుతుంది కనుకనే దానికి ఆ పేరు. ముక్కు దగ్గర సందు లేకుండా నొక్కి పెట్టుకోవాలి.

పని అయ్యాక చొక్కా బయటే విప్పి దులపాలి. ముఖం, చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

ఏటికొప్పాకవాళ్లు ఏం చేస్తారు?

తరిమెన పనికి తెలుగుదేశంలో పేరున్న ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉంది. ఇదివరకు విశాఖపట్నం జిల్లా. 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడ అంకుడు కర్రతో బొమ్మలు, భరిణెలు తీస్తారు. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఉలికి సులువుగా లొంగుతుంది. కర్ర తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని దానికి నొక్కుతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దుతారు. అద్దంలా మెరుస్తుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్రం శకటం మీద ఊరేగినవి అవే.

మొగలి ఆకు మెరుపు కోసం మాత్రమే అనుకుంటారు. అందులో క్షేమం కూడా ఉంది. గుడ్డతో రుద్దితే గుడ్డ చుట్టుకుని వేలిని లాగుతుంది. ఆకు పట్టుకుంటే చిరిగిపోతుంది. చెయ్యి చేతిగానే ఉంటుంది. నరసాపురం సముద్రతీరంలో మొగలి పొదలకు కొదవ లేదు. ముళ్లు తీసి ఎండబెట్టి వాడుకోవచ్చు. ఆకు దొరక్కపోతే కాగితం వాడాలి. గుడ్డ వాడకూడదు. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ఉలి ఆనించే బద్దను పూర్తిగా తీసెయ్యాలి. లేకపోతే వేలు బద్దకూ కర్రకూ మధ్య ఇరుక్కుంటుంది.

రంగుల సంగతి కూడా వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. ఒకప్పుడు అక్కడ కూడా బజారు రంగులు కలిపేవారు. తర్వాత పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటి చెట్ల రంగులకు మళ్లారు. ఆ మార్పు కోసం పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బజారు రంగుల్లో కొన్నిటిలో సీసం ఉండేది. సీసం పిల్లల మెదడుకు విషం. ఇళ్లలో వాడే రంగుల్లో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండకూడదని మన ప్రభుత్వం 2016లో నియమం చేసింది. డబ్బా మీద ఆ మాట రాసి ఉందా లేదా చదివి చూసుకోవాలి. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకోకుండా ఉండరు. అప్పడాల కర్రకూ కవ్వానికీ అసలు రంగే వద్దు. రంగు పట్టిన పొట్టును పొయ్యిలో పెట్టకూడదు.

నడుము నొప్పి ఎందుకు?

లేసు అల్లేవాళ్లకు మెడనొప్పి సంగతి చెప్పనక్కర్లేదు. తల వంచి గంటల తరబడి కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. తరిమెన దగ్గర అంత వంగనక్కర్లేదు. వంగాల్సి వస్తోందంటే తరిమెన ఎత్తు సరిగా లేదన్నమాట. నిలబడి చేసేవాళ్లకు కర్ర మోచేతి ఎత్తులో ఉండాలి. మోచెయ్యి మడిచి చూస్తే తెలుస్తుంది. ఇంటాయన పొడుగు, ఇల్లాలు పొట్టి అయితే? తరిమెనను ఆయన ఎత్తుకు పెట్టి, ఆవిడ నిలబడడానికి కదలని వెడల్పాటి బల్ల వెయ్యాలి. ఇటుకలు పేర్చి దాని మీద నిలబడడం మాత్రం వద్దు. కాళ్ల కింద గోనెసంచి రెండు మడతలు వేస్తే మడమలు నొప్పి పుట్టవు. సంచి అంచు కాలికి తగలకుండా చూసుకోవాలి.

ఉలిని బిగబట్టకూడదు. ఉలి పిడిని పక్కటెముకల దగ్గర ఆనించి, ఒళ్లంతా కొంచెం కొంచెం కదుపుతూ చెక్కాలి. చేతులు మాత్రమే కదిలితే భుజాలు పట్టేస్తాయి. అరగంటకోసారి మోటారు ఆపి, నాలుగు అడుగులు నడిచి, మంచినీళ్లు తాగాలి. రేకుల కింద మధ్యాహ్నం వేడికి కళ్లు తిరుగుతాయి. ఆ వేళ తరిమెన జోలికి పోకపోవడమే మంచిది. నిద్ర చాలనప్పుడు, జ్వరంగా ఉన్నప్పుడు కూడా అంతే. పని రేపు చేసుకోవచ్చు.

కంట్లో పడితే, వేలు తెగితే

కళ్లకు చుట్టూ మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోవాలి. చత్వారం అద్దాలు చాలవు. పక్కల నుంచి పొట్టు వస్తుంది. ఉత్త పొడి పడితే కన్ను నలపకుండా మంచినీళ్లతో కడగాలి. పేడు గుచ్చుకుంటే మాత్రం నీళ్లు పొయ్యకూడదు, పీకకూడదు. కాగితం గ్లాసు లాంటిది కంటి మీద ఒత్తిడి లేకుండా బోర్లించి కట్టి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చనుబాలు, ఆకుపసరు పొయ్యమని ఇరుగుపొరుగు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. వాటివల్ల చీము పట్టి చూపు పోతుంది.

వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. పసుపు, కాఫీపొడి కూరకూడదు. రక్తం ఆగకపోయినా, గాయం లోతుగా ఉన్నా 108కి ఫోను చెయ్యాలి. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి డాక్టరును అడగాలి. ఎవరికైనా కరెంటు కొడితే వాళ్లను ముట్టుకోకూడదు. ముందు మెయిను కట్టెయ్యాలి.

ఆ ఇల్లాలు ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకపోయింది. స్విచ్చి పక్కన గోడ మీద సుద్దముక్కతో నాలుగు మాటలు రాసుకుంది. జుట్టు. పైట. గాజులు. కళ్లద్దాలు. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. స్విచ్చి వేసేముందు ప్రతిసారీ వేలు పెట్టి చదువుతుంది.

ఇంటాయన ఒకరోజు పొద్దున్నే భుజం మీద తువ్వాలు వేసుకుని తరిమెన దగ్గరకు వచ్చాడు. లుంగీ వదులుగా ఉంది. స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు.

"ఏవండీ, గోడ మీద చదివారా?" అంది ఆవిడ వంటింట్లోంచి.

"అవి ఆడవాళ్లకు రాసినవి కదే!"

"నాలుగోది కూడానా అండీ?"

ఆయన కాసేపు గోడ వంక చూశాడు. తువ్వాలు తీసి వంకెకు తగిలించాడు. లుంగీ పైకి కట్టి బిగించాడు. తర్వాత కళ్లద్దాల కోసం వెతకడం మొదలుపెట్టాడు.